మన బొమ్మ ఎవరి చేతిలో ఉంది?

(ఖమ్మంలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫోటోల గురించీ హక్కుల గురించీ మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు మొదట నేను ఒప్పుకోలేదు. నేను ఫోటోగ్రాఫర్ని కాదు. భద్రాచలం అవతల చర్ల, దుమ్ముగూడెం వైపు కోయ పల్లెల్లో చాలా ఏళ్ళుగా స్త్రీల సంఘాల పని చేస్తున్నదాన్ని. అయితే కెమెరా పట్టుకుని ఒక పెద్ద తప్పు చేసినదాన్ని కూడా. ఆ అర్హత చాలునన్నారు కాబట్టి వచ్చాను.

ఆ తప్పు సంగతి ముందే చెప్పేస్తాను. మధ్యలో చెబితే నా గొంతు సరిగ్గా ఉండదు.

ఇరవై ఏళ్ళ క్రితం మాట. అప్పట్లో మా సంస్థకు ఒక రీలు కెమెరా ఉండేది. నివేదికలకు ఫోటోలు కావాలని పైనుంచి ఎప్పుడూ అడుగుతుండేవారు. ఒక వారపు సంతలో ఇప్పపువ్వు గంప పక్కన పెట్టుకుని, చంటిబిడ్డకు పాలిస్తూ కూర్చున్న అమ్మాయిని ఫోటో తీశాను. నాకు బాగా తెలిసిన మనిషే. తియ్యనా అని అడిగాను. నవ్వింది. ఆ నవ్వునే ఒప్పుకోలు అనుకున్నాను. ఆ ఫోటో హైదరాబాదు వెళ్ళింది. అక్కడినుంచి ఎటు వెళ్ళిందో నాకు తెలియదు, నేను కనుక్కోలేదు కూడా. ఏడాది తిరక్కుండా అదే సంతలో ఆసుపత్రి గోడ మీద ఆ అమ్మాయి కనిపించింది. అది ఎయిడ్స్ గురించి జాగ్రత్తలు చెప్పే పోస్టరు. చదవడం వచ్చినవాళ్ళు రానివాళ్ళకు చదివి చెప్పారు. ఆమెకు ఆ జబ్బు ఉందని పల్లెలన్నీ అనుకున్నాయి. ఇప్పపువ్వు కొనేవాళ్ళు ఆమె గంప దాటి పోవడం మొదలుపెట్టారు. అత్తింటివాళ్ళు బిడ్డను ఉంచుకుని ఆమెను పుట్టింటికి పంపేశారు.

ఆమె నా దగ్గరికి వచ్చి అడిగినది ఒకటే మాట. "అక్కా, నా బొమ్మ ఎవరికి అమ్మావు?"

అమ్మలేదని చెప్పాను. ఆమె నమ్మలేదు. ఇప్పుడు ఆలోచిస్తే నమ్మకపోవడమే సరైనది. ఆ ఫోటో వల్ల మా సంస్థకు పేరు వచ్చింది, ఆ పేరు వల్ల నిధులు వచ్చాయి, ఆ నిధుల్లోంచి నాకు జీతం వచ్చింది. అమ్మడమంటే వేరే ఏముంటుంది?

ఊరి పెద్దలు కూర్చున్నారు. నాకు తప్పు వేశారు. డబ్బు పెద్ద మొత్తం కాదు, కట్టాను. దాంతో పాటు సంతలో నిలబడి, ఈ పిల్లకు ఏ జబ్బూ లేదు, తప్పు నాదని మూడు వారాల పాటు చెప్పమన్నారు, చెప్పాను. తడిగుడ్డ పట్టుకుని పోస్టర్లు గీకేశాను. ఆమె మాత్రం ఇంకొకటి అడిగింది, ఆ నల్ల రీలు ముక్క తనకు ఇవ్వమంది. నెగటివ్ అన్నమాట. ఆమెకు ఎవరు చెప్పారో, అసలు ఉన్నదంతా దాంట్లోనే ఉంటుందని ఆమెకు తెలుసు. ఇచ్చాను. ఆమె మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళలేదు. బిడ్డ కోసం రెండేళ్ళు తిరిగి, దక్కించుకుని, మారుమనువు చేసుకుంది. ఇప్పటికీ నాతో మాట్లాడుతుంది. ఫోటో మాట ఎత్తితే మాత్రం లేచిపోతుంది.

అప్పటినుంచి నేను, మన పల్లెల ఫోటోలు ఎవరు ఎప్పుడు తీశారు, అవి ఎక్కడున్నాయి అని వెతకడం మొదలుపెట్టాను. తెలిసినవి కొన్ని చెబుతాను.

భద్రాచలం ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గోదావరికి ఇవతలి ఒడ్డు నిజాం రాజ్యం. భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది 1959లో. అంటే కోయవాళ్ళను, కొండరెడ్లను రెండు ఒడ్లనుంచీ రెండు ప్రభుత్వాలు చూశాయి. 1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషువాళ్ళకు ఈ దేశంలో ఎవరెవరున్నారో తెలుసుకోవాలన్న ఆత్రం పెరిగింది. 1868 నుంచి 1875 వరకు 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' పేరుతో ఎనిమిది సంపుటాల ఫోటోల పుస్తకం వేశారు. ఆ తర్వాత మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్స్టన్ 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. కోయలు అందులో ఉన్నారు. ఆయన ముక్కులూ తలలూ పరికరాలతో కొలిచేవాడు. కొలతకీ ఫోటోకీ పని ఒకటే అక్కడ.

నిజాం వైపు వచ్చినవాడు క్రిస్టఫ్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్. ఆస్ట్రియా దేశస్తుడు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఇక్కడ చిక్కుకుపోయి, పాపికొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో పుస్తకం రాశాడు. వేలకొద్దీ ఫోటోలు తీశాడు. ఆయన్ను నేను తక్కువ చేయను. ఆదిలాబాద్‌లో గోండులకు భూమి పట్టాలు రావడం వెనుక ఆయన కృషి ఉంది. భార్య బెట్టీ ఆయనతోబాటు అడవుల్లో తిరిగింది, ఇద్దరి సమాధులూ మార్లవాయిలో ఉన్నాయి. ఆమె పేరు మాత్రం ఎంతమంది తలుస్తారో చూడండి. సరే, అది వేరే ప్రసంగం.

నేను చెప్పదలచుకున్నది ఆ ఫోటోల కింద ఉండే రాత గురించి. ఆ కాలపు పుస్తకాలలో బొమ్మ కింద తెగ పేరు ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది, మనిషి పేరు చాలాసార్లు ఉండదు. ఒక రెడ్డి స్త్రీ, ఒక కోయ పిల్ల, అంతే. అదే హైదరాబాదులో 1892లో లాలా దీన్‌దయాళ్ జెనానా స్టూడియో అని స్త్రీల కోసమే ప్రత్యేకంగా తెరిచాడు. పరదాలో ఉండే పెద్దింటి స్త్రీలను మగవాళ్ళ కంట పడకుండా ఫోటో తీయడానికి ఒక ఇంగ్లీషు మహిళను నియమించాడు. ఒక స్త్రీ ముఖానికి గోడలు కట్టి కాపలా పెట్టారు. ఇంకొక స్త్రీ ఒళ్ళంతా పుస్తకంలో అచ్చయి లండన్ వెళ్ళింది. ఇద్దరినీ ఫోటో గురించి అడిగినవాళ్ళు ఉన్నారా అంటే నాకు అనుమానమే. కానీ ఇద్దరికీ జరిగింది ఒకటి కాదు. మనం స్త్రీలందరం ఒకటే అని తేలిగ్గా అనేసేటప్పుడు ఈ రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

హైమెన్‌డార్ఫ్ ఫోటోలు ఇప్పుడు లండన్‌లోని సోయాస్ సంస్థలో ఉన్నాయి. కంప్యూటర్లో చూడవచ్చు. వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు 2014లో పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళిపోయాయి. ఆ ఒడ్డు పల్లెలు ముంపులో పోతున్నాయి. రేపు ఒక కొండరెడ్డి ఆడపిల్ల తన ముత్తవ్వ ముఖం చూడాలనుకుంటే ఊళ్ళో దొరకదు, ఊరే ఉండదు. లండన్‌లో దొరకవచ్చు, అదీ పేరు లేకుండా.

ఇది మనకొక్కరికే వచ్చిన కష్టం కాదు. ఉత్తర ఐరోపాలో, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యాల పై భాగాన సామి అనే ఆదివాసులున్నారు. రెయిన్‌డీర్ జింకల మందలతో, చేపల వేటతో బతికిన జనం. ఆ దేశాలంటే మనకు సమానత్వం, ఆడవాళ్ళ హక్కులు గుర్తొస్తాయి. 1922లో స్వీడన్ ప్రభుత్వం ఉప్సలాలో జాతుల జీవశాస్త్రం అధ్యయనానికని ఒక సంస్థ పెట్టింది. దాని అధిపతి హెర్మన్ లుండ్‌బోర్గ్. ఆ సంస్థవాళ్ళు సామి పల్లెలకు వెళ్ళి తలలు కొలిచారు, పెద్దలనూ పిల్లలనూ బట్టలు విప్పించి ఫోటోలు తీశారు. ఆ ఫోటోలు ఇప్పటికీ ఉప్సలా విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో ఉన్నాయి. కతరీనా పిరాక్ సిక్కు అనే సామి కళాకారిణి ఏళ్ళ తరబడి ఆ పెట్టెలు తెరిచి చూసి, 2014లో ఉమియో నగరంలో ప్రదర్శన పెట్టింది. ఆమె వేసుకున్న ప్రశ్న ఇది: దుఃఖం కూడా వారసత్వంగా వస్తుందా? భూమికి వారసులుగా ఉండడానికే పోరాడుతున్న మన స్త్రీలకు ఆ ప్రశ్న చదివి వినిపించాను. ఒక పెద్దామె, వస్తే పట్టా లేకుండానే వస్తుందిలే అంది.

ఆ దేశాల ఫోటోగ్రాఫర్లలో మరికొందరి పని కూడా చూశాను. యోర్మా పురానెన్ అనే ఫిన్లాండ్ ఆయన, 1884లో ఫ్రెంచివాళ్ళు తీసుకుపోయిన సామి ముఖాల ఫోటోలను మళ్ళీ పలకల మీద అచ్చువేసి, ఆ మంచు నేలలోనే నిలబెట్టి ఫోటోలు తీశాడు. ఆ ముఖాలు ఇంటికి తిరిగి వచ్చినట్టు. మనసుకు తాకే పనే. కానీ నాకొక పేచీ ఉంది. ఇంటికి తీసుకొచ్చినవాడు కూడా ఆ ఇంటివాడు కాదు గదా. మార్యా హెలాండర్ తండ్రి వైపు సామి. ఆమె సామి దుస్తుల్లో తనను తానే ఫోటో తీసుకుంది, ఈ కాలపు చోట్లలో నిలబడి. కరోలిన్ యోర్త్, రీతా ఇకోనెన్ అని ఇద్దరు స్త్రీలు 2011లో ఇంకో పని మొదలుపెట్టారు. ముసలివాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ జానపద కథల్లోని పాత్రల ఆలోచనతో, ఆకులూ నాచూ గడ్డీ కలిపి తలపాగాలు, అంగీలు కట్టి ఫోటో తీస్తారు. ఏం కట్టాలన్నది ఆ ముసలివాళ్ళతో కలిసి కూర్చుని తేలుస్తారు. నాకు ఫోటోకంటే ఆ కూర్చోవడం నచ్చింది. మన దగ్గర కొమ్ము నృత్యం వాళ్ళను ఎవరైనా అలా కూర్చోబెట్టి అడిగారా? మంత్రి వచ్చినా, సినిమావాళ్ళు వచ్చినా, బస్సు దిగగానే కొమ్ములు పెట్టుకుని మగవాళ్ళు డోలు కొట్టాలి, ఆడవాళ్ళు చేతులు కలిపి వరుసలో ఆడాలి. మండుటెండలో గంటలు నిలబడతారు. రేలా పాట ఏ పండుగది, ఏ కాలానిది అన్న లెక్క లేదు.

మన దగ్గర మంచి పని చేసినవాళ్ళు లేరని కాదు. వరంగల్లు భరత్ భూషణ్ 2022లో పోయారు. తెలంగాణ స్త్రీలను, బతుకమ్మను, పల్లె వాకిళ్ళను ఎంత శ్రద్ధగా చూశారో ఆయన ఫోటోలు చూసినవాళ్ళకు తెలుసు. నా బాధ అది కాదు. కోయ పిల్ల చేతికి కెమెరా ఎప్పుడు వస్తుందన్నదే.

చట్టం సంగతి కొంచెం చెప్పుకుందాం, కార్యకర్తలకు అవసరం. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకు కర్త తీసినవాడు. డబ్బిచ్చి తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు తీయించినవాళ్ళది. ఫోటోలో ఉన్న మనిషికి ఆ చట్టంలో చోటు లేదు. 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కని చెప్పింది. ఆడవాళ్ళను వాళ్ళ ఏకాంతంలో దొంగచాటుగా ఫోటో తీస్తే 2013నుంచి ప్రత్యేక నేరం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్. అండమాన్‌లో జరవా స్త్రీలను తిండి ఆశ చూపి ఆడించిన వీడియో 2012లో బయటికి వచ్చాక, అక్కడి నిబంధన సవరించి ఆ తెగలను ఫోటో తీయడాన్నే శిక్షార్హం చేశారు. మనకు అలాంటిది లేదు, అలాంటి కంచె కావాలని మన స్త్రీలూ అడగడం లేదు. కానీ నేను గీకిన పోస్టరు ఈ సెక్షన్లలో దేనికింద వస్తుందో ఒక లాయరు మిత్రురాలిని అడిగితే చాలాసేపు ఆలోచించి, ముందు నీ మీదే కేసు పెట్టాలి అంది. నవ్వుకున్నాం గాని అది నిజం.

ఇంకోవైపు ఫోటో మనకు ఆయుధం కూడా. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. పెళ్ళయినవాళ్ళకు హక్కుపత్రం భార్యాభర్తలిద్దరి పేరా ఇవ్వాలని అందులో ఉంది. దాని నియమాల్లో సాక్ష్యాలుగా ఏవి చూపవచ్చో రాసిన చోట కాగితాలే కాదు, ఇళ్ళు, గట్లు, బావులు, శ్మశానాలు, దేవతల తావులు, ఆచారాల మీద పేరున్న సంస్థలు చేసిన అధ్యయనాలు, పెద్దల వాంగ్మూలం కూడా చేర్చారు. పెద్దల రాళ్ళ దగ్గర ఒక అవ్వ నిలబడి ఇక్కడ మా అమ్మ ఉంది అని చెబుతుంటే తీసిన ఫోటో దరఖాస్తుకు బలం ఇస్తుంది. కానీ పోడు దగ్గర గొడవ జరిగినప్పుడు ఎదుటివాళ్ళు కూడా ఫోన్లు పైకెత్తుతారు. చేతిలో గొడ్డలి ఉన్న ఆడమనిషి ఫోటో కేసు కాగితాల్లోకి వెళుతుంది. అదే గొడ్డలి, అదే ఆడమనిషి, అదే చెట్టు. ఛత్తీస్‌గఢ్‌లో 2005 తర్వాత సల్వాజుడుం వల్ల పారిపోయి మన అడవుల్లో తలదాచుకున్న గుత్తికోయ స్త్రీలు కెమెరా చూస్తే పిల్లల్ని ఎత్తుకుని లోపలికి ఎందుకు పోతారో అప్పుడు అర్థమవుతుంది. కార్డు కోసం ఫోటో, కేసు కోసం ఫోటో, ఏది ఏదో వాళ్ళకు ఎవరు చెప్పారు?

కోయవాళ్ళకు బొమ్మ కొత్త కాదు. వాళ్ళకు పడిగెలు ఉన్నాయి. పొడుగాటి త్రికోణపు గుడ్డల మీద గట్టువారీగా పూర్వీకుల బొమ్మలు, వేల్పుల బొమ్మలు. పండుగకు బయటికి తీస్తారు, డోలివాళ్ళు ఆ కథ పాడతారు, మళ్ళీ చుట్టి పెట్టేస్తారు. మణుగూరు దగ్గరి కూనవరం సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది, ఆ కథలు పాడినందుకే. 2024లో ఆయన పోయారు. నేను చూసినంతలో పడిగె ఒంటరిగా తిరగదు. దానితో పాటు దాని కథ చెప్పే మనిషి ఉండాలి, ఆ గట్టువాళ్ళు ఉండాలి. నేను తీసిన ఫోటో ఒంటరిగా హైదరాబాదు వెళ్ళింది, కథ లేకుండా. అందుకే ఎవరి కథనో దాని మీద అతికించారు.

సమ్మక్కను చూడండి. మేడారంలో ఆ తల్లికి విగ్రహం లేదు. చిలకలగుట్టనుంచి వచ్చేది కుంకుమ భరిణె. వచ్చేటప్పుడు లక్షలమంది ఎదురుచూస్తారు, కానీ గుట్ట మీద పూజారులు ఏం చేస్తారో ఎవరికీ చూపరు. ఆ తల్లికి బజారులో మాత్రం కిరీటం పెట్టి, ముఖం తెల్లగా చేసి క్యాలెండర్లు అమ్ముతున్నారు. రూపం లేకుండా ఉండడం ఆమె ఎంచుకున్నదైతే, రూపం ఇచ్చే హక్కు క్యాలెండరువాడికి ఎక్కడినుంచి వచ్చింది?

కిందటి సంవత్సరం మా సంఘం తరఫున పదిమంది ఆడపిల్లలకు, హైస్కూలు చదివేవాళ్ళూ మానేసినవాళ్ళూ, వాడిన ఫోన్లు సేకరించి ఇచ్చాం. ఏం తియ్యాలో చెప్పలేదు. మూడు నెలల తర్వాత చూస్తే డాన్సు ఫోటో ఒక్కటి లేదు. తునికాకు కట్టలు కట్టే అవ్వ వేళ్ళు ఉన్నాయి, జిగురుతో నల్లబడి. యాభై ఆకులకు ఒక కట్ట, ఆ లెక్క వేళ్ళతోనే పెడుతుంది. హాస్టలు బాత్‌రూము తలుపుకు గొళ్ళెం లేని ఫోటో ఉంది. చెలమ దగ్గర బిందెల వరుస ఉంది. ఇద్దరి ఫోన్లు మొదటి నెలలోనే అన్నలు లాక్కున్నారు, ఆ ఇద్దరి ఫోటోలు లేవు. ఒక పిల్ల భూమి పండుగ నాడు తీసింది చూసి నేను చాలాసేపు నవ్వాను. పండుగకు మగవాళ్ళు వేటకు పోతే ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని వచ్చేపోయే బండ్లు ఆపి చందా అడుగుతారు గదా. ఆ పిల్ల తాడు ఇవతలినుంచి తీసింది. ఎదురుగా కారు. కారులో నలుగురు. నలుగురి చేతుల్లో నాలుగు ఫోన్లు, ఈ ఆడవాళ్ళ మీదికి ఎక్కుపెట్టి. ముఖాలు కనపడవు, ఫోన్లే.

ఇంకో పిల్ల తీసినది ముట్టు గుడిసె. ఊరి చివర, కురిసే కప్పు, లోపల ఒక చాప, చెంబు. తను ఆ మూడు రోజులు అక్కడే ఉండి తీసింది. దాని మీద ఊళ్ళో పెద్ద గొడవ అయింది. మన ఆచారాన్ని బయటపెట్టి పరువు తీసిందని మగవాళ్ళన్నారు. ఆడవాళ్ళు రెండుగా చీలారు. అక్కడైనా మూడు రోజులు పని తప్పుతుంది, దాన్నీ పోగొడతారా అని కొందరు. పాము కుట్టి చచ్చేది మనమే గదా అని కొందరు. నాకు లోపల ఒకటే భయం. ఈ ఫోటో పట్నం చేరితే ఆదివాసులు వెనకబడినవాళ్ళు అనడానికి ఇంకొక పోస్టరు అవుతుంది. పట్నం ఇళ్ళలో అదే మూడు రోజులు మూల కూర్చున్నవాళ్ళు కూడా అయ్యో అంటారు. చేరకపోతే ఆ పిల్ల నోరు మనమే మూసినట్టు. ఆదివాసీ సంస్కృతిని కాపాడాలనే మనమూ, స్త్రీల హక్కులు అనే మనమూ ఒకే మనుషులం. ఆ రోజు ఆ ఇద్దరు మనుషులకూ నాలో పడలేదు.

చివరికి పిల్లనే అడిగాం. అడగాల్సినది మొదట్లోనే. ఆమె రెండు రోజులు టైము తీసుకుని చెప్పింది. ఆడవాళ్ళ సమావేశాల్లో చూపిస్తాను, నేనుంటేనే చూపిస్తాను, ఎవరికీ పంపను. ఈ రోజు ఆమె వచ్చింది, మధ్యాహ్నం తనే చూపిస్తుంది. మీరు ఫోన్లు సంచుల్లో పెట్టుకోవాలి. నా ప్రసంగం పత్రికలో వేస్తామని, పక్కన ఒక ఫోటో ఇమ్మని అడిగారు. ఫోటో ఆమెది కాబట్టి ఇవ్వలేనన్నాను. ఆమెను అడిగితే, వర్షాలకు ముందు ఆ గుడిసె కప్పు సంగతి ఎవరు చూస్తారో చెప్పండి, తర్వాత ఫోటో సంగతి మాట్లాడదాం అంది. కప్పుకు రేకులు ఎన్ని పడతాయో కొలత తెచ్చుకుంది. ఆ కాగితం నా దగ్గరుంది, భోజనాల దగ్గర చూపిస్తాను.